చెరువు నీళ్లకు క్లోరిన్ కలిపేవాళ్లకు

వేసవిలో కాలవలు కట్టేశాక మా ఊరికి మంచినీళ్ల చెరువే దిక్కు. ఆ చెరువు, ఇసుక ఫిల్టర్లు, 60,000 లీటర్ల ఓవర్‌హెడ్ ట్యాంకు పదిహేనేళ్లుగా నేనే చూసుకుంటున్నాను. మొదట్లో నీళ్లు పచ్చబడితే చాలు, ఫిల్టరుకి వెళ్లకముందే బ్లీచింగు పోసేవాణ్ని. నాచు చచ్చి నీళ్లు తేటపడేవి. అది తప్పని తర్వాత తెలిసింది.

చెరువులో ఆకూ తుంగా కుళ్లి, వాటి సారం నీళ్లలో కరిగిపోతుంది. క్లోరిన్ దాంతో కలిస్తే క్లోరోఫాం లాంటి ట్రైహాలోమీథేన్లు, హాలోఎసిటిక్ ఆమ్లాలు పుడతాయి. క్లోరోఫాం ఇలా పుడుతుందని 1974లో రోటర్‌డాంలో యోహానెస్ రూక్ అనే రసాయన శాస్త్రవేత్త చూపించాడు. ఇలాంటి నీళ్లు ఏళ్ల తరబడి తాగితే మూత్రాశయ క్యాన్సర్ ముప్పు పెరగవచ్చని అధ్యయనాలు అంటున్నాయి. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరోఫాం దాటొద్దంటుంది. సముద్రం దగ్గర ఊళ్లలో ఉప్పు చేరిన నీళ్లయితే బ్రోమోఫాం కూడా తయారవుతుంది, దాని హద్దు ఇంకా తక్కువ, 0.1.

అందుకని ముందు మురికి తీయండి, క్లోరిన్ చివర్న కలపండి. గట్టు మీది ఆకులు నీళ్లలో పడకుండా ఊడ్పించండి. నీళ్లు చెరువు అడుగు నుంచి కాదు, పైతెట్టుకి కాస్త కింద నుంచి తోడండి. ఇసుక ఫిల్టరు పైన జిగురుపొర ఉంటుంది చూశారా, నీళ్లను శుభ్రం చేసేది అందులోని జీవమే. ముందే బ్లీచింగు పోస్తే అదే చస్తుంది. ధార బాగా తగ్గినప్పుడే పై ఇసుక రెండు మూడు సెంటీమీటర్లు గీకి తీయండి.

ఇక మోతాదు. లీటరుకు 2 మిల్లీగ్రాముల క్లోరిన్ కావాలంటే మా ట్యాంకుకి 120 గ్రాములు పడుతుంది. తాజా బ్లీచింగు పౌడరులో నూటికి 30 వంతులు క్లోరిన్ ఉంటుందనుకుంటే 400 గ్రాముల పౌడరు. మూతి విప్పిన బస్తాలో సత్తువ పోతుంది, దాన్ని నమ్మొద్దు. ప్లాస్టిక్ బకెట్లో ముద్దగా కలిపి, నీళ్లు పోసి, సున్నం దిగాక పైతేట మాత్రమే ట్యాంకులో పోయండి. అరగంట ఆగి వదలండి. రెండు రోజులకి సరిపడా ఒకేసారి పోసి ఊరుకోవద్దు. ఎండకి నీళ్లు వేడెక్కి, ఎక్కువసేపు నిలవుంటే క్లోరోఫాం లాంటి ఆ పదార్థాలు పెరుగుతూనే ఉంటాయి.

ఇదంతా విని క్లోరిన్ మానేస్తే ఊరికి వాంతులూ విరేచనాలూ తెచ్చినట్టే. ఆ ప్రమాదం ఈరోజే వస్తుంది, క్లోరోఫాం ముప్పు ఏళ్ల మీద మాట. నీళ్లలో మిగిలిన క్లోరిన్‌ని కొలిచే క్లోరోస్కోపుతో ఊరి చివరి కుళాయి దగ్గర చూడండి: లీటరుకు 0.2 మిల్లీగ్రాములకి తగ్గకూడదు, 1 దాటకూడదు.

ఇంట్లో ఆడవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. కాచేటప్పుడు మూత తీసి, కిటికీ తెరిచి మరగనివ్వండి. క్లోరోఫాం ఆవిరితో చాలావరకు పోతుంది. హాలోఎసిటిక్ ఆమ్లాలు మాత్రం అలా పోవు, వాటికి నేను చేయగలిగింది ఫిల్టరు దగ్గరే.