సమ్మర్ క్రూజ్‌లో కోజుమెల్ దిగేముందు

మయామీ నుంచి షిప్‌లో మెక్సికో దీవి కోజుమెల్‌కి వెళ్లేవాళ్లు ఇవి చూస్కోండి.

– అన్నిటికంటే ముందు టైం. సమ్మర్‌లో మయామీ కంటే కోజుమెల్ గంట వెనక, దిగగానే ఫోన్ లోకల్ టైంకి మారిపోద్ది, షిప్ గడియారం చాలాసార్లు మారదు, అంటే ఫోన్‌లో ఇంకా మూడున్నరే కదా అని బీచ్‌లో కాళ్లు జాపుకుంటే షిప్‌లో నాలుగున్నర. మీకోసం ఆగరు, తర్వాతి పోర్టుకి ఖర్చంతా మీ జేబులోంచే.

– షిప్ కార్డుతో పాటు ఫోటో ఐడీ, తిరిగి ఎక్కేటప్పుడు అడుగుతారు.

– టాక్సీలకి మీటర్లుండవు, ఎక్కకముందే రేటు మాట్లాడుకోండి.

– పగడాలు పాడవుతాయని రీఫ్ పార్కుల్లో సన్‌స్క్రీన్ మీద రూల్స్ ఉంటాయి. ఫుల్ హ్యాండ్స్ స్విమ్ షర్ట్ వేస్కుంటే గొడవే లేదు.

– బఫేలో పండ్లు, శాండ్‌విచ్‌లు బ్యాగులో కుక్కకండి, బయటికి తీసుకెళ్లనివ్వరు. పిల్లలకి సీల్ తీయని బిస్కెట్ ప్యాకెట్లు పెట్టుకోండి చాలు.