మట్టి జుంకాలు ఎండేటప్పుడు పగలకుండా (నా అనుభవం)

కాలేజీ ప్రదర్శన కోసం టెర్రకోట జుంకాలు చేస్తున్నాను. ఎండేసరికి బుట్టకీ, పైన తీగ గుచ్చే గుబ్బకీ మధ్య సన్నటి పగుళ్లు. బెజవాడ ఎండ సంగతి తెలిసిందేగా. మట్టి మార్చాను, నీళ్లు పెంచాను, జిగురు రాశాను, దండగే.

చివరికి కుదిరింది ఇలా: బుట్టని అంతటా ఒకే మందంలో, సుమారు 3 మిల్లీమీటర్లు ఉండేలా ఒత్తాను. అతికే రెండు వైపులా సూదితో అడ్డదిడ్డంగా గీశాను. అదే మట్టిని చిక్కటి పెరుగులా కలిపి రాసి, గట్టిగా నొక్కాను. న్యూస్‌పేపర్ మీద పెట్టి అట్టపెట్టె బోర్లించాను. రోజుకోసారి తిప్పుతూ 4 రోజులు నీడలోనే. ఫ్యాన్ కూడా వేయలేదు (ఇంట్లో తిట్లు తప్పలేదు). ఐదో రోజు గంటసేపు ఎండ చూపించి, అప్పుడు కాల్చడానికి ఇచ్చాను. 12 జతల్లో ఒక్కటే పగిలింది.

పెద్ద లాకెట్లకి చేసి చూడలేదు. వానాకాలంలో 4 రోజులు చాలకపోవచ్చు.