బొమ్మను చూసే కన్ను – మూడో పాఠం: కీళ్లు

అనిమే (జపాన్ కార్టూన్) పాత్రల బొమ్మలను, అంటే ఫిగర్లను, అంచనా వేయడం నేర్చుకుంటున్నాం. మొదటి పాఠంలో పెట్టెను చూడటం నేర్చుకున్నాం, రెండో పాఠంలో శిల్పాన్ని. ఈసారి ఫిగర్‌ని చేతిలోకి తీసుకుందాం. కదిలే అనిమే ఫిగర్‌కి అసలు పరీక్ష కీళ్ల దగ్గరే. ముఖం ఎంత అందంగా వచ్చినా, పెట్టిన పోజులో నిలబడలేకపోతే దానికి పెట్టిన డబ్బు దండగ. అంతకంటే కదలని విగ్రహం కొనుక్కోవడం మేలు. విగ్రహం చేసే శిల్పి ఒక్క క్షణాన్ని ఎంచుకుని అన్నీ దానికి తగ్గట్టు అమర్చుకుంటాడు. కదిలే ఫిగర్ చేసేవాళ్లు మాత్రం ఆ పాత్ర నిలబడే, దూకే, కొట్టే, ఏడ్చే భంగిమలన్నిటికీ ఒకే ఒంట్లో చోటు చూపించాలి. ఎక్కడ సర్దుకున్నారో, ఎక్కడ సర్దుకోలేదో కనిపెట్టడమే ఈ పాఠం.

పాఠానికి కావలసినవి మీ దగ్గర ఉన్న ఏదైనా ఒక ఫిగర్, ఒక గళ్ల కాగితం, ఫోను, మంచి వెలుతురు. చేతులు కడుక్కుని బాగా తుడుచుకోండి. మద్రాసు చెమటకు వేళ్లు ఎప్పుడూ జిడ్డుగానే ఉంటాయి. ఆ జిడ్డుతో రుద్దితే బుగ్గల మీద రంగు మసకబారుతుంది.

ముందు మీ ఫిగర్‌ది ఏ రకం కీలో తెలుసుకోండి. 2006లో కైయోడో సంస్థ రివోల్టెక్ వరుసను తెచ్చింది. అందులోని రివాల్వర్ జాయింట్ తిప్పుతుంటే టిక్కు టిక్కుమంటూ మెట్లు మెట్లుగా ఆగుతుంది. 2008లో మాక్స్ ఫ్యాక్టరీ వారి ఫిగ్మా, బందాయ్ వారి ఎస్.హెచ్.ఫిగ్యువార్ట్స్ వరుసలు మొదలయ్యాయి. వీటిలో చాలా కీళ్లు రాపిడితోనే ఆగుతాయి. మెట్ల కీలు బరువును గట్టిగా మోస్తుంది కానీ రెండు మెట్ల మధ్య ఉన్న కోణం మీకు దొరకదు. రాపిడి కీలు ఏ కోణంలోనైనా ఆగుతుంది, కాకపోతే వాడేకొద్దీ వదులవుతుంది. అందుకే రెండింటినీ ఒకే కొలతతో కొలవకూడదు.

పెట్టె మీద "ఇన్ని కీళ్లు" అని అంకె వేస్తే దాన్ని పట్టించుకోకండి. మోకాలు పూర్తిగా మడిచి పిరుదుకు ఆనించగలిగినా, ఒంటికాలి మీద ఒక్క గంట నిలబడలేని ఫిగర్లు చాలా ఉన్నాయి. నా మటుకు నాకు కొంచెం తక్కువ వంగినా గట్టిగా ఆగే కీలే ముఖ్యం.

పరీక్ష పాదాల నుంచి మొదలుపెట్టాలి. చాలామంది చేతులతో మొదలుపెడతారు, అవి సరదాగా ఉంటాయి కాబట్టి. బరువంతా పడేది మాత్రం చీలమండ మీద. కాళ్లు వెడల్పుగా చాపి నిలబెట్టండి. రెండు అరికాళ్లూ బల్లకు పూర్తిగా ఆనాయా? ఆనాలంటే చీలమండ ముందుకూ వెనక్కూ వంగితే చాలదు, పక్కలకు కూడా ఒరగాలి. ఒరగకపోతే ఫిగర్ పాదాల అంచుల మీద నిలబడుతుంది. ఫొటోలో ఇది వెంటనే తెలిసిపోతుంది. ఆ పాత్ర బరువు నేల మీద పడినట్టే ఉండదు. ఇప్పుడు ఒక కాలు ఎత్తి, రెండో కాలి మీద నిలబెట్టి వేలు తీసేయండి. పడిపోతే ఎటు పడిందో చూడండి. ముందుకు పడితే చీలమండ వదులు. పక్కకు ఒరిగి పడితే తప్పు తుంటిదో చీలమండదో తేల్చుకోవాలి. మోకాలు పట్టుకుని మెల్లగా కదిపితే ఏది జారుతోందో వేలికి తెలుస్తుంది.

మంచి కీలు ఎలా ఉండాలంటే, బాగా కుదిరిన టిఫిను డబ్బా మూతలా మొదటి నుంచి చివరిదాకా ఒకే బిగువుతో తిరగాలి. మధ్యలో ఒకచోట గట్టిగా, ఇంకోచోట వదులుగా తగిలితే గూడు గుండ్రంగా రాలేదనో, లోపల రంగు అంటుకుందనో అర్థం. రెండు కాళ్లనూ పోల్చి చూడండి. కుడికాలు బిగువుగా, ఎడమకాలు వదులుగా ఉన్న ఫిగర్ ఎప్పుడూ ఒకే వైపుకు కుంగుతుంది.

తుంటి దగ్గర చూడాల్సింది బట్టలు. స్కర్టు, పొడుగు కోటు, హకామా (జపాన్ వాళ్ల వదులు కుచ్చుల లాగు) లాంటివి కాలిని ఎంతవరకు ఎత్తనిస్తున్నాయి? కొందరు తయారీదారులు స్కర్టును మెత్తటి పీవీసీతో చేస్తారు, కొందరు ముక్కలుగా కోసి కీళ్లు పెడతారు. మెత్తటి స్కర్టు చూడటానికి బాగుంటుంది. కానీ మడిచిన కాలును అది నెమ్మదిగా వెనక్కి నెడుతూనే ఉంటుంది. ఫిగర్‌ని కూర్చోబెట్టి పది నిమిషాల తర్వాత చూస్తే సంగతి బయటపడుతుంది. నడుము గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ముందుకు వంగి, పక్కకు కాస్త తిరిగితే చాలు.

భుజం దగ్గర మాత్రం తొందరపడకండి. ఇక్కడే ఫిగర్ ఆ పాత్రలా మారుతుంది, లేదా మారదు. ఏ పాత్రకైనా దానిదంటూ ఒక పోజు ఉంటుంది. డ్రాగన్ బాల్ హీరో గోకూదైతే కమేహమేహా అనే శక్తి దెబ్బ: రెండు మణికట్లూ కలిపి, అరచేతులు తెరిచి, నడుము పక్కకు లాక్కోవాలి. దానికి భుజం ముందుకు, ఛాతీ మీదికి జరగాలి. భుజం లోపల ఇంకో కీలు పెట్టి దీన్ని సాధిస్తారు. సేకరించేవాళ్లు దాన్ని బటర్‌ఫ్లై జాయింట్ అంటారు. అది లేకపోతే చేతులు ఛాతీకి దూరంగా కలుస్తాయి, పోజు తేలిపోతుంది. కత్తి పట్టే పాత్రలకూ ఇదే పరీక్ష. ఒక్క పిడిని రెండు చేతులూ పట్టుకోగలగాలి. పట్టుకున్నాక వెనకనుంచి కూడా చూడండి. భుజాన్ని ముందుకు లాగినప్పుడు వీపు దగ్గర పెద్ద సందు తెరుచుకుంటే, ఆ ఫిగర్‌ని ముందు నుంచి మాత్రమే ఫొటో తీయగలరు. దాన్ని నేను పెద్ద లోపంగా లెక్కపెట్టను. అన్ని వైపుల నుంచీ చూసే గాజు బీరువాలో పెట్టుకునేవాళ్లకు మాత్రం అది లోపమే. మీరు బొమ్మను ఎక్కడ పెడతారన్నది కూడా మీ అంచనాలో భాగమే.

మోచేతిలో ఒకే మడత ఉంటే చెయ్యి సుమారు 90 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. రెండు మడతలుంటే పిడికిలి భుజం దాకా వస్తుంది. అలా వచ్చినప్పుడు మోచేయి పొడుగ్గా, విరిగినట్టు కనిపించకూడదు.

మెడను జుట్టుతో కలిపి చూడాలి. హత్సునే మికు (కంప్యూటర్ గొంతుతో పాడే జపాన్ పాత్ర) లాంటి పొడవాటి జడల పాత్రల్లో జుట్టు బరువు తలను వెనక్కి లాగుతుంది. తల వంచి వదిలేయండి, అలాగే ఉందా? పైకి చూడమంటే జుట్టు వీపుకు అడ్డం తగులుతోందా? జడలకు విడిగా కీళ్లు ఉంటే వాటిని వెనక్కో ముందుకో జరిపి బరువును సరితూచుకోవచ్చు. జుట్టు కదలకపోతే స్టాండ్ తప్పనిసరి. ఫిగ్మా పెట్టెల్లో స్టాండ్ కలిసే వస్తుంది. ఫిగ్యువార్ట్స్‌కి చాలాసార్లు విడిగా కొనుక్కోవాలి. ధర పోల్చేటప్పుడు దాన్ని కూడా కలుపుకోండి.

ఇక మణికట్లు. పెట్టెలో వచ్చే విడి అరచేతులు మార్చేటప్పుడు విరిగేది వాటిని మణికట్టుకు తగిలించే సన్నటి పెగ్గే. లాగేటప్పుడు తిప్పకండి, నిటారుగా లాగండి. ఏ కీలైనా మొరాయిస్తే బలం చూపించవద్దు. ప్లాస్టిక్ మీద తెల్లటి గీత కనిపిస్తే అది విరగబోతోందన్నమాట, వెంటనే ఆపేయండి. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నా మరగని నీళ్లలో ఆ భాగాన్ని అర నిమిషం ముంచితే పీవీసీ మెత్తబడి కదులుతుంది. నూనె వేయాలనిపిస్తే సిలికాన్ నూనె మాత్రమే వాడండి. ఇంట్లో ఉన్న కుట్టుమిషన్ నూనె, తలుపులకు కొట్టే స్ప్రే లాంటి పెట్రోలియం నూనెలు ఏబీఎస్ ప్లాస్టిక్‌ను పగలగొడతాయి. పారదర్శక ప్లాస్టిక్‌తో చేసిన కీళ్లు పెళుసు. వాటి జోలికి వెళ్లేటప్పుడు రెట్టింపు ఓపిక కావాలి.

ఇంతవరకు చేసింది మొదటి రోజు పరీక్ష. అసలు తీర్పు ఏడో రోజున. మా పిన్ని కొడుకు వేళచ్చేరిలో ఉంటాడు. ఒకరోజు ఫోన్ చేసి, "అన్నయ్యా, కొన్నప్పుడు నిటారుగా నిలబడిందే, ఇప్పుడు తాగినవాడిలా ఒరిగిపోయింది" అన్నాడు. వెళ్లి చూస్తే, ఫిగర్‌ని పడమటి కిటికీ పక్కన ఒంటికాలి మీద నిలబెట్టి వారాల తరబడి వదిలేశాడు. కీలు బాగానే ఉంది. కీలుకు పైనున్న పిక్క భాగమే వంగింది. పీవీసీలో మెత్తదనం కోసం కలిపే పదార్థాలు ఉంటాయి. వేడిలో అది ఇంకా సడలి, బరువు ఎటుంటే అటు మెల్లగా వంగిపోతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మద్రాసులో కత్తిరి ఎండలప్పుడు మూసిన గది ఎంత వేడెక్కుతుందో మనకు తెలుసు. అవే పదార్థాలు కొన్నేళ్లకు పైకి ఊరి, ఒళ్లంతా జిగటగా మారడం కూడా మూసిన పెట్టెల్లో, వేడి గదుల్లో ఎక్కువ. అందుకే చలిదేశాల సేకర్తలు "బాగా నిలబడుతుంది" అన్న మాటను మనం ఇక్కడి గదిలో మళ్లీ పరీక్షించుకోవాలి. కాలి ఎముకలా లోపల ఏబీఎస్ కడ్డీ పెట్టిన ఫిగర్లు ఈ విషయంలో మెరుగ్గా ఉంటాయి. పిక్కను వేళ్ల మధ్య మెల్లగా నొక్కితే లోపల గట్టిది ఉందో లేదో తెలుస్తుంది.

అంగట్లో ఇదంతా చేయనివ్వరు, నిజమే. కానీ నందంబాక్కంలో చెన్నై ట్రేడ్ సెంటర్‌కి కామిక్ కాన్ (కామిక్స్, అనిమే అభిమానుల మేళా) వచ్చినప్పుడు స్టాళ్లలో విప్పి నిలబెట్టిన ఫిగర్లు ఉంటాయి. రెండో రోజు మధ్యాహ్నం వెళ్లండి. మొదటి రోజు పొద్దున నిలబెట్టినవి అప్పటికి ఎలా ఉన్నాయో చూడండి. ఏవి స్టాండ్ మీద వేలాడుతున్నాయి, ఏవి తమ కాళ్ల మీదే ఉన్నాయి? పెట్టె విప్పని ఫిగర్ అయితే పెట్టెకున్న పారదర్శక కిటికీలోంచి చీలమండలు, మణికట్లు చూడండి. రెండు చేతులూ ఎడమవేనా, కీలు సందుల్లోకి రంగు కారిందా అన్నవి అక్కడే పట్టుకోవచ్చు.

ఈ వారం అభ్యాసం ఇది. మీ ఫిగర్‌ని ఆ పాత్రకు సొంతమైన పోజులో, స్టాండ్ లేకుండా, ఎండ తగలని చోట నిలబెట్టండి. వెనక గళ్ల కాగితం అంటించండి. ఫోనును పుస్తకాల దొంతరకు ఆనించి ఒకే చోటు నుంచి మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు ఫొటో తీయండి. తల గళ్లలో ఎంత జరిగిందో లెక్కపెట్టి, ఏ కీలు కుంగిందో పక్కన రాయండి. మధ్యలో పడిపోతే సరిచేయకండి, పడ్డ రోజు రాసుకోండి. తర్వాతి పాఠం ముఖాల మార్పిడి, రంగు గురించి. దానికి పెట్టెలో వచ్చిన విడి ముఖాలన్నీ ఒకచోట పెట్టుకుని ఉండండి.