పొదుగులో దాగిన జబ్బు – 3వ పాఠం: నాలుగు సన్నులకు నాలుగు కప్పులు

పోయిన పాఠంలో పైకి కనిపించని పొదుగువాపును పట్టే సర్ఫు నీళ్ల పరీక్ష చెప్పాను: పాలలో సర్ఫు నీళ్లు కలిపితే జబ్బు పాలు చిక్కబడతాయి. ఆ తర్వాత దేవరకొండ, కల్వకుర్తి వైపు నుంచి వచ్చిన ఫోన్లలో ఎక్కువగా విన్నది ఒకటే: "పాలు చిక్కబడలేదు సార్, మా ఆవు మంచిగనే ఉన్నట్టే కదా?" ఎట్లా చేశారని అడిగితే, బకెట్లోంచి గ్లాసెడు ముంచి చేశామన్నారు. కాబట్టి కొత్త పాఠం పక్కన పెట్టి ముందు దీని సంగతి చూద్దాం.

పొదుగు బయటికి ఒకటే, లోపల నాలుగు గదులు, ఒక్కో గదికి ఒక్కో సన్ను. ఒక గది పాలు ఇంకో గదిలోకి పోవు. లెక్క వేయండి. జబ్బు గది పాలలో మిల్లీలీటరుకు 6 లక్షల తెల్లకణాలు (జబ్బుతో పోరాడటానికి రక్తంలోంచి పాలలోకి చేరేవి), మిగతా మూడింటిలో 50 వేల చొప్పున ఉన్నాయనుకోండి. నాలుగూ సమానంగా కలిస్తే సగటు 1,87,500. మనం అనుమానించేది 2 లక్షలు దాటితేనే. పైగా జబ్బు గది పాలు తక్కువిస్తుంది, సగటు ఇంకా దిగుతుంది. బకెట్లో జబ్బు మాయమైపోతుంది, పొదుగులో మాత్రం అట్లాగే ఉంటుంది. పాలకేంద్రం చీటీలో వెన్న శాతం బాగుందని ధైర్యపడకండి, అక్కడ చూసేదీ కలిపిన పాలే. "ముందు రెండు ఒక కప్పులో, వెనక రెండు ఒక కప్పులో పట్టొచ్చా?" అని ఒకరు అడిగారు. వద్దు. ఇంకొకరు లేగకు వదిలిన సన్ను పరీక్షే చేయలేదు. అదీ చేయాలి.

కొందరికి నాలుగు కప్పుల్లోనూ పాలు చిక్కబడ్డాయట. అడిగితే, ఆవు ఈని మూడు రోజులే అయింది. జున్నుపాలు అట్లాగే చూపిస్తాయి, మొదటి వారం పరీక్ష చేయకండి. వట్టిపోయే ముందు పాలూ అంతే.

పొదుగు కడిగి తుడవడం మీకు తెలిసిందే. మొదటి రెండు మూడు ధారలు వేరే గిన్నెలోకి పిండండి, నేల మీద వద్దు. అర లీటరు నీటికి 15 గ్రాముల సర్ఫు. ఒక్కో సన్ను పాలు ఒక్కో కప్పులో పట్టండి, పాలు ఎన్నో ఈ సర్ఫు నీళ్లూ అన్నే పోయండి. నురగ లేవకుండా కప్పును మెల్లగా గుండ్రంగా తిప్పి, ఒంచి అడుగు చూడండి. మంచి పాలు నీళ్లలా జారతాయి. జబ్బు పాలు కోడిగుడ్డు తెల్లసొనలా అడుగుకు అతుక్కుని, ఒక్క ముద్దగా కదులుతాయి. పాలలో చేరిన తెల్లకణాలు సబ్బుకు పగిలి, వాటిలోని డీఎన్ఏ అట్లా చిక్కబడుతుంది.

ఇదే పరీక్షకు దుకాణంలో దొరికే నాలుగు గుంటల పళ్లెం, దాంతో వచ్చే మందు కూడా మంచివే, ఫలితం తొందరగా చూపిస్తాయి. నాకైతే సర్ఫే ఇష్టం, ఏ ఊరి కిరాణాలోనైనా దొరుకుతుంది. నెలంతా ఒకే రకం వాడండి.

సాధన: వచ్చే పాఠంలోగా కొట్టంలోని ప్రతి పాడి ఆవుకు, ప్రతి సన్నుకు, వారం పాటు పొద్దున పాలు పిండే ముందు పరీక్ష. ముందు కుడి, ముందు ఎడమ, వెనక కుడి, వెనక ఎడమ అని నోటుబుక్కులో గీతలు కొట్టి రాయండి. కుడి అంటే ఆవుకు కుడి. చిక్కబడిన సన్నును సాయంత్రం మళ్లీ చూడండి. అనుమానమున్న ఆవును చివర్లో పిండండి. రెండుసార్లూ చిక్కబడితే సొంతంగా సన్నులోకి మందు ట్యూబు ఎక్కించకండి, పశువుల డాక్టరుకు చూపించండి లేదా సంచార పశువైద్యం నంబరు 1962కు ఫోన్ చేయండి. ల్యాబుకు పాలు పంపాలంటే మందు వేయకముందే పట్టాలి, వేశాక పడితే సూక్ష్మజీవి దొరక్కపోవచ్చు.