నిజం పలికే సాధన – 4వ పాఠం: బేరం దగ్గర నాలుక

పోయిన పాఠంలో ఫోను అభ్యాసం ఇచ్చాం. "ఎక్కడున్నారండీ?" అని అడిగితే ఉన్నచోటే చెప్పాలి. ఇంకా ఇంట్లో చొక్కా గుండీలు పెట్టుకుంటూ "రావులపాలెం దాటేశానండి" అనకూడదు. ఏడు రోజులు, తప్పిన ప్రతిసారీ ఒక గీత. ఇప్పుడు ఆ కాగితం తీసి, ఏ వేళప్పుడు గీతలు ఎక్కువ పడ్డాయో చూడండి. చాలామందికి రెండే చోట్ల గుంపుగా పడతాయి: ఆలస్యమైనప్పుడు, డబ్బు లెక్క వచ్చినప్పుడు. మొదటిది అయిపోయింది. ఈ పాఠం రెండోదాని గురించి.

దేవుని వాక్యంలో అబద్ధాన్ని ఖండించే చోట్లు వెతికితే నోటితో పాటు త్రాసు కూడా కనిపిస్తుంది. "దొంగత్రాసు యెహోవాకు హేయము" అంటుంది సామెతలు 11:1. సంచిలో రెండు రకాల తూనికె రాళ్లు, ఇంట్లో రెండు రకాల కొలపాత్రలు ఉంచుకోవద్దంటుంది ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయం. ఆ రోజుల్లో వర్తకుడు తన రాళ్లు తనే సంచిలో వేసుకుని తిరిగేవాడు. యూదయ తవ్వకాల్లో దొరికిన షెకెలు రాయి సుమారు 11.3 గ్రాములు తూగుతుంది. తెలుగు బైబిలు షెకెలును తులము అంది; మన తులం 11.66 గ్రాములు. అంత చిన్న రాయిలో ఒక గ్రాము తేడా చేస్తే కంటికి ఆనదు. కొనేటప్పుడు బరువు రాయి, అమ్మేటప్పుడు తేలిక రాయి తీస్తే చాలు, నోరు మెదపక్కర్లేదు. అయినా ధర్మశాస్త్రం దాన్ని అబద్ధం పక్కనే పెట్టింది. లేవీయకాండము 19వ అధ్యాయంలో 11వ వచనం "బొంకవద్దు" అంటుంది, 35, 36 వచనాలు తూనికలూ కొలతలూ సరిగా ఉండాలంటాయి.

దీన్నిబట్టి ఈ పాఠానికి కావలసిన నిర్వచనం దొరుకుతుంది. ఎదుటివాడు ఒక నిర్ణయం తీసుకోబోతున్నాడు. ఆ నిర్ణయానికి కావలసిన సంగతి మీ చేతిలో ఉంది. దాన్ని తప్పుగా అతని చేతిలో పెడితే, నోటితో పెట్టినా రాయితో పెట్టినా తలతో పెట్టినా, అతని నిర్ణయం ఇక అతనిది కాదు, మీది. డబ్బు మాత్రం అతని జేబులోంచే పోతుంది. ఎఫెసీ 4:25లో పౌలు చెప్పిన కారణం కూడా ఇదే: మనం ఒకరికొకరం అవయవాలం. 4వ శతాబ్దంలో అంతియొకయలో బోధించిన యోహాను క్రిసోస్తం ఈ వచనం దగ్గర ఆగి, కన్ను పామును చూసి కాలికి అబద్ధం చెబుతుందా అని అడిగాడు. చేను గట్టు మీద చీకట్లో నడిచేవాళ్లకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

పులస దగ్గర పరీక్ష

గోదావరికి ఎర్రనీరు వచ్చాక సముద్రంలోంచి ఎదురీది నదిలోకి ఎక్కే చేప పులస. సముద్రంలో ఉన్నంతకాలం అదే చేప ఇలస. ఒడిశా నుంచీ బెంగాల్ నుంచీ ఐసు పెట్టెల్లో దిగేదీ అదే జాతి. నదిలో పట్టినదానికి వేలల్లో ధర పలుకుతుంది, ఐసు పెట్టెలోదానికి అందులో కొంతే. పుస్తెలమ్మైనా తినాలనే సామెత పుట్టిన చేప కాబట్టి కొనేవాడు ముందే సగం ఒప్పుకుని వస్తాడు.

"గోదావరిదేనా?"

"పులస కాకపోతే ఏవిటండీ బాబూ! పొలుసు చూడండి, ఆ మెరుపు చూడండి!"

ఈ జవాబులో అబద్ధపు వాక్యం ఎక్కడుందో వెతకండి. దొరకదు. జాతి ఒకటే, పొలుసు మెరుస్తోంది. అడిగింది నది గురించి, చెప్పింది పొలుసు గురించి. పైగా అది జవాబు కూడా కాదు, ఎదురుప్రశ్న. కొనేవాడికి మాత్రం "అవును" అని వినిపించింది, అతను పర్సు తీశాడు.

ఇలాంటి చోట వాక్యాన్ని పరీక్షిస్తే మీరు ప్రతిసారీ నెగ్గుతారు, ఎందుకంటే ఆ వాక్యాన్ని కట్టిందే అందుకు. ఎదుటివాడి మనసును పరీక్షించాలి. ఇప్పుడు అతను ఏం నమ్ముతున్నాడు? అది నిజం కాదని నాకు తెలుసా? ఆ నమ్మకం మీదే డబ్బు తీస్తున్నాడా? మూడింటికీ అవునని వస్తే అది అబద్ధం. మీ వాక్యంలో ప్రతి మాటా నిజమే అయినా సరే. "మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు అని యుండవలెను" అన్న ప్రభువు మాట (మత్తయి 5:37) ఒట్ల గురించి వచ్చింది. దాని కొస ఇక్కడికీ తగులుతుంది: అవును కాదు అని చెప్పగలిగిన ప్రశ్నకి మూడో రకం జవాబు చెబుతున్నామంటే ఎక్కడో సందు వెతుకుతున్నామనే.

సరైన జవాబు చిన్నది: "కాదండి, ఒడిశాది. ఐసులో వచ్చింది." ఎక్కడిదో మీకూ తెలియకపోతే "మాకు పెట్టెలో వచ్చిందండి, ఏ నీళ్లదో తెలీదు" అనాలి. తెలియనిది తెలిసినట్టు చెప్పడం కూడా పై మూడు ప్రశ్నల్లో రెండోదానికి దొరికిపోతుంది, ఎందుకంటే నాకు తెలుసు అన్నదే అక్కడ అబద్ధం.

అలా చెబితే ఆ ధర రాదు. రాదు కూడాను. నిజం చెబితే వ్యాపారం మూడింతలవుతుందని కొందరు బోధిస్తారు. అలాంటి హామీ దేవుని వాక్యంలో లేదు. 15వ కీర్తన దేవుని గుడారంలో ఉండదగినవాణ్ణి వర్ణిస్తూ, ప్రమాణం చేశాక నష్టం కలిగినా మాట తప్పడంటుంది. నష్టం ఉంటుందని ముందే రాసి పెట్టింది.

బేరం అబద్ధమా?

ఎక్కువమంది ఇక్కడే తికమక పడతారు. కొందరు బేరమే పాపమనుకుని అడిగినంతా ఇచ్చి ఇంటికొచ్చి సణుక్కుంటారు, కొందరు బేరంలో ఏదైనా చెల్లుతుందంటారు. రెండూ కాదు. సామెతలు 20:14 చూడండి: "కొనువాడు జబ్బుది జబ్బుది అనును, అవతలికి వెళ్లి దాని మెచ్చుకొనును." సరుకు చేతిలో ఉండగా "ఏం కాయలండీ ఇవి, నీళ్లే లేవు" అని, వీధి మలుపు తిరగ్గానే "కాయ ఎంత బాగుందో" అనేవాణ్ణి మూడు వేల ఏళ్ల కిందటే పట్టుకున్నారు. అమ్మేవాడికే వాత పెట్టి కొనేవాణ్ణి వదిలేయలేదు.

విడదీసే పద్ధతి ఇదీ. బేరంలో పలికే వాక్యాలు రెండు రకాలు: నా నిర్ణయం చెప్పేవి, జరిగిన సంగతి చెప్పేవి. "18కి తక్కువైతే ఇవ్వనండి" అన్నది నిర్ణయం. కాసేపటికి 16కి ఇచ్చినా మనసు మార్చుకున్నట్టే, అబద్ధమాడినట్టు కాదు. "నాకే 18 పడిందండి" అన్నది సంగతి. చీటీలో 14 ఉంటే అది బొంకే. "ఇందాకే ఒకాయన 20కి అడిగి వెళ్లాడు" అన్నదీ సంగతే, ఆ ఒకాయన లేకపోతే అదీ బొంకే. కొనేవాడి వైపు "పక్క కొట్లో 12కే ఇస్తున్నారు" కూడా అంతే.

కాబట్టి ఈ వారం బేరమాడండి, గట్టిగానే ఆడండి, కానీ నోట్లోంచి నిర్ణయాలే రానివ్వండి. "నాకు కుదరదు", "ఇంతైతే తీసుకుంటాను", "ఆలోచించుకుని వస్తాను". మొదటి రెండు రోజులు చేతులు కట్టేసినట్టు ఉంటుంది. మన బేరాల్లో సగానికి సగం లేని మనుషులతోనూ పడని ధరలతోనూ నడుస్తున్నాయని అప్పుడు తెలుస్తుంది.

కొన్న ధర చెప్పి తీరాలా అని అడగవచ్చు. అక్కర్లేదు. "అది చెప్పనండి" అన్నది నిజమైన వాక్యం. మౌనానికీ బొంకుకీ మధ్య గీత దేవుని వాక్యంలోనే ఉంది. దావీదును అభిషేకించడానికి బేత్లెహేము వెళ్లేటప్పుడు బలి అర్పించడానికి వచ్చానని చెప్పమని సమూయేలుకు దేవుడే చెప్పాడు (1 సమూయేలు 16:2). బలి నిజంగానే అర్పించారు, మిగతాది చెప్పలేదు. అయితే సరుకులో ఉన్న లోపాన్ని దీని కింద దాచడానికి లేదు. సమూయేలు ఎవరికీ ఏమీ అమ్మడం లేదు.

ఇక రాహాబు వేగులవాళ్లని దాచి అబద్ధం చెప్పలేదా అంటారు. చెప్పింది. ప్రాణం మీదికి వచ్చిన అబద్ధం గురించి సంఘంలో పాతకాలం నుంచీ వాదన ఉంది. అప్పుడు కూడా కూడదన్నవాడు హిప్పో బిషప్పు అగస్టీను. ఆ వాదన 7వ పాఠంలో చూద్దాం. చేప ధర దగ్గరికి మాత్రం రాహాబును సాక్షిగా పిలవకండి. మన వైపు ఇంకో జాబితా కూడా వాడుకలో ఉంది: పెళ్లిలో, ప్రాణం పోయేటప్పుడు, ధనం పోయేటప్పుడు, మానం పోయేటప్పుడు బొంకవచ్చని శుక్రాచార్యుడు బలి చక్రవర్తికి చెప్పింది. బలి ఆ సలహా వినలేదు. జనం శుక్రుడి జాబితాను గుర్తుపెట్టుకుని బలిని మరిచిపోవడం విచిత్రం.

కాటా దగ్గర

ఎలక్ట్రానిక్ కాటాకి తూనికలు కొలతల శాఖ ముద్ర ఏటా పడాలి. ముద్ర ఉన్న కాటా మీద కూడా అబద్ధం నడుస్తుంది, తరుగు దగ్గర. దాళ్వా (రెండో పంట) ధాన్యం 75 కిలోల బస్తాల్లో తూస్తున్నారనుకోండి. ఖాళీ గోనెసంచి అర కిలో చిల్లర ఉంటుంది. కొనేవాడు బస్తాకి 2 కిలోలు తీస్తాడు. "బస్తాకి 2 కిలోలు తీస్తానండి, ఇష్టమైతేనే కాటా పెట్టండి" అంటే అది నిర్ణయం. అన్యాయం కావచ్చు, కౌలు రైతు గతిలేక ఒప్పుకోనూ వచ్చు, దానికి దేవుడు వేరే లెక్క అడుగుతాడు. అబద్ధం మాత్రం కాదు. "సంచే 2 కిలోలు ఉంటుందండి" అంటే అబద్ధం. తేమ మీటరు 17 చూపిస్తుంటే చేత్తో మూసి "19 ఉంది" అనడమూ అంతే. రైతు వైపు కూడా ఇదే కొలత: పైన నాలుగు అంగుళాలు ఎండబెట్టి, గొట్టం గుచ్చినప్పుడు అవే గింజలు వచ్చేలా బస్తా నిలబెట్టడం సంచిలో రెండు రాళ్లు పెట్టుకోవడమే. ఆ ధాన్యం మిల్లు గోదాంలో వేడెక్కి గింజ రంగు మారుతుంది, ఆడిస్తే నూక అవుతుంది. మిల్లువాడు మీ పొడి గింజను నమ్మి ఆ బస్తాను అట్టడుగున వేశాడు.

అబద్ధం ఆడేశాక

"నేర్చుకుంటున్నాను, ఇకనుంచి మానేస్తాను" అని ఊరుకుంటే కుదరదు. లేవీయకాండము 6వ అధ్యాయం మొదటి వచనాలు పొరుగువాడితో బొంకి సొత్తు తీసుకున్నవాడి గురించే. మూలధనం మొత్తం తిరిగి ఇవ్వాలి, దానికి అయిదోవంతు కలపాలి, బలి అర్పించే రోజునే సొత్తుదారుడి చేతికి ఇవ్వాలి. పై తరుగు లెక్కే తీసుకోండి. సంచి బరువు పోగా బస్తాకి కిలోన్నర అదనంగా తీశారు, 60 బస్తాలు. 90 కిలోలు. అయిదోవంతు 18. మొత్తం 108 కిలోల ధాన్యం వెల. తూచిన రోజు ధరా, ఇచ్చే రోజు ధరా అంటే, ఏది ఎక్కువైతే అది. ఈ చివరి మాట ధర్మశాస్త్రంలో లేదు, మా సలహా. జక్కయ్య నాలుగంతలు ఇస్తానన్నాడు (లూకా 19:8). ప్రభువు అతన్ని అంత అడగలేదు, మిమ్మల్నీ అడగడం లేదు. అయిదోవంతు తగ్గకుండా చూసుకోండి.

ఎలా చెప్పాలి? అంకె ముందు, కారణం ఎప్పుడూ వద్దు. "అన్నయ్యగారూ, మొన్న దాళ్వాలో మీ 60 బస్తాల దగ్గర కిలోన్నర చొప్పున ఎక్కువ తీశాను. సంచి 2 కిలోలని అబద్ధం చెప్పాను. ఇదిగోండి 108 కిలోల డబ్బు." ఇక్కడ ఆగాలి. "ఆ రోజు లారీ కిరాయి ఎక్కువైందండీ, అందుకని" అని మొదలుపెడితే ఆయన చేత "పోనీలెండి" అనిపించుకోవడానికే అది. ఆయన తిట్టవచ్చు, ఊరంతా చెప్పవచ్చు. అది ఆయన హక్కు.

ఎక్కువమంది తప్పే చోటు ఒకటుంది: ఆదివారం కూడికలో కన్నీళ్లతో దేవుడి దగ్గర ఒప్పుకుని, కానుక పెట్టెలో నోటు వేసి, తేలికపడి ఇంటికి రావడం. మత్తయి 5:23, 24 దీన్ని తిరగేస్తుంది: నీ మీద సహోదరుడికి ఏమైనా ఉందని గుర్తొస్తే కానుక అక్కడే వదిలి ముందు అతని దగ్గరికి వెళ్లు. మనిషి దొరికే అవకాశం ఉన్నంతవరకు డబ్బు గుడికి పోకూడదు. చనిపోతే వారసులకి. బంధువులు కూడా లేకపోతేనే అది యాజకుడికి చెందుతుందని సంఖ్యాకాండము 5:8. యానాం చూడటానికి బస్సులో వచ్చి చేప కొనుక్కుపోయిన పేరు తెలియని మనిషి సంగతి ఈ చివరి దారిలోకే వస్తుంది. రోజూ పాలు పోసే ఇల్లు రాదు.

ఈ వారం అభ్యాసం

ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. ప్రతి కొనుగోలుకీ అమ్మకానికీ మీరు చెప్పిన వాక్యాలు గుర్తున్నన్ని రాసి, పక్కన "ని" (నిర్ణయం) లేదా "సం" (సంగతి) అని వేయండి. "సం" ఉన్నవాటికి మాత్రమే పులస దగ్గరి మూడు ప్రశ్నలు. ఎక్కడైనా అబద్ధమని తేలితే ఆ రాత్రే లెక్క కట్టండి, మూలం, అయిదోవంతు, మనిషి పేరు. మర్నాటి సాయంత్రం దాటనివ్వకండి. వారం దాటితే కారణాలు వాటంతటవే పుట్టుకొస్తాయి.

కింది మూడింటినీ మీరే తేల్చి పెట్టుకోండి, జవాబులు 5వ పాఠంలో, పెళ్లి సంబంధాల మాటలకి ముందు.

చెరువు మీద రొయ్య 40 కౌంటు (కిలోకి 40 రొయ్యలు) ఉందని రైతు అంటాడు. విసురు వల మేత వేసే మూల ఒక్కచోటే వేసి చూపిస్తాడు, పెద్ద రొయ్య అక్కడే ఉంటుందని తెలిసి.

లేసు అల్లే ఇంట్లో ఏజెంటు ఇచ్చిన దారం రెండు కండెలు మిగులుతుంది. ఏజెంటు అడగడు, ఆవిడ చెప్పదు.

కొబ్బరి వ్యాపారి "రేపు ధర పడిపోద్దండి, ఇవాళే కోయించెయ్యండి" అంటాడు. పడిపోతుందనే అతని గట్టి నమ్మకం. పడదు.