సోలార్ నీళ్లు రాత్రికి రాత్రే చల్లారిపోతుంటే: నా అనుభవం

హైదరాబాద్‌లో మాది 200 లీటర్ల సోలార్ హీటర్. సాయంత్రం పొగలు కక్కే నీళ్లు తెల్లారేసరికి గోరువెచ్చన. రోజూ కరెంటు కాయిల్ వేయాల్సిందే. ట్యూబులు కడిగించాం, థర్మోస్టాట్ మార్పించాం, లాభం లేదు.

ఒక రాత్రి కుళాయిలన్నీ కట్టేసి మేడెక్కితే, ట్యాంకు మీద గాలి పోయే ఎయిర్ వెంట్ గొట్టం నుంచి నీళ్లు కారుతున్నాయి! మాకు చన్నీళ్ల లైనుకే ప్రెషర్ పంపు ఉంది. ఆ నీళ్లు ఏదో మిక్సర్ (వేడి, చన్నీళ్లు కలిపే కుళాయి) లోపల నుంచి వేడి లైన్లోకి, అక్కణ్నుంచి సోలార్ ట్యాంకులోకి ఎగదన్నుతున్నాయనిపించింది. ముందు మిక్సర్లన్నిటి కింద వేడి వైపు ఉండే చిన్న వాల్వ్‌లు, అంటే యాంగిల్ కాక్‌లు మూశాను. కారడం ఆగింది. తర్వాత ఒక్కొక్కటే తెరుస్తూ, ప్రతిసారీ పైకెళ్లి చూశాను. పిల్లల బాత్రూంది తెరిచాక మళ్లీ ధార. ఆ మిక్సర్ లోపల నీళ్లు కలిపే భాగం (కార్ట్రిడ్జ్) మార్పించి, ఆ వేడి గొట్టానికి నీళ్లు వెనక్కి పోనివ్వని నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టించాను.

ఇప్పుడు పొద్దున 6 గంటలకూ నీళ్లు వేడిగానే ఉండి, చన్నీళ్లు కలుపుకుంటున్నాం. ప్రెషర్ పంపు లేని ఇళ్లలో కారణం వేరే ఉండొచ్చు.