మోటార్‌హోమ్ ఎయిర్ సస్పెన్షన్: బండి ఎందుకు ఒరుగుతుంది, ఎలా సరిచేయాలి

అమెరికాలో వెనుక డీజిల్ ఇంజిన్ ఉండి, లోపలే నివసించడానికి వీలుండే పాత డీజిల్ పుషర్ మోటార్‌హోమ్ కొన్నవారు ఎప్పుడో ఒకప్పుడు చూడవలసివచ్చే దృశ్యం ఇది. రాత్రి సమంగా నిలబెట్టిన బండి తెల్లవారేసరికి ఒక మూలకు ఒరిగి ఉంటుంది. వర్క్‌షాపుకు తీసుకువెళితే ఎయిర్ బ్యాగులు, అంటే స్ప్రింగుల బదులు బండి బరువు మోసే గాలి నిండిన రబ్బరు సంచులు, మార్చాలని చెబుతారు. నా బండి విషయంలోనూ అదే జరిగింది. వెనుక రెండు బ్యాగులూ మార్పించిన వారానికే అది మళ్ళీ అదే మూలకు ఒరిగింది. వెతగ్గా తేలిన అసలు కారణం, ఒక నైలాన్ గొట్టం చివరను ఏటవాలుగా కోసి ఫిట్టింగులో దూర్చడం. బ్యాగు కంటే ముందు గొట్టాన్నీ, ఫిట్టింగునూ, వాల్వునూ అనుమానించాలని ఆనాటి నుంచి గట్టిగా నమ్ముతున్నాను.

గాలి నడిచే దారి తెలిస్తే సగం వెతుకులాట తగ్గుతుంది. ఇంజిన్‌తో పాటు తిరిగే కంప్రెసర్ గాలిని, తేమ తీసే ఎయిర్ డ్రయ్యర్ గుండా, ట్యాంకులకు పంపుతుంది. ట్యాంకుల నుంచి కొంత గాలి బ్రేకులకు పోతుంది, కొంత ప్రెజర్ ప్రొటెక్షన్ వాల్వ్ దాటి సస్పెన్షన్‌కు పోతుంది. సస్పెన్షన్‌లో లీకు పడినా బ్రేకులకు కావలసిన గాలి కరిగిపోకుండా చూడటమే ఆ వాల్వ్ పని. ఆపైన హైట్ కంట్రోల్ వాల్వులు ఉంటాయి. ఇవి ఛాసిస్‌కు బిగించి, చిన్న రాడ్డుతో యాక్సిల్‌కు కలిపినవి. బండి దిగితే బ్యాగుల్లోకి గాలి ఎక్కిస్తాయి, లేస్తే వదిలేస్తాయి. సాధారణంగా బండికి ఇవి మూడే ఉంటాయి: ఒక యాక్సిల్‌కు రెండు, మరొక యాక్సిల్‌కు ఒకటి. ముక్కాలి పీట ఎగుడుదిగుడు నేల మీదనైనా ఊగకుండా నిలబడినట్టే, మూడు వాల్వులతో బండి స్థిరంగా నిలుస్తుంది. నాలుగు పెడితే అవి ఒకదానితో ఒకటి పోట్లాడతాయి. హైదరాబాదు, బెంగళూరు మధ్య తిరిగే మల్టీ యాక్సిల్ బస్సుల కింద ఉండేవి కూడా ఇలాంటి బ్యాగులే. మన మెకానిక్కులు వాటిని బెలోస్ అంటారు.

కిందికి దూరే ముందు

గాలి మీద నిలబడిన బండి కిందికి ఎవరూ, ఎంత చిన్న పనికైనా, దూరకూడదు. బ్యాగు పగిలినా, గొట్టం ఊడినా బండి ఒక్క క్షణంలో బంప్ స్టాపుల (యాక్సిల్‌కూ, ఛాసిస్‌కూ మధ్య ఉండే రబ్బరు దిమ్మెల) మీదికి కూలిపోతుంది. ఇలా మనుషులు చనిపోయారు. హైడ్రాలిక్ లెవెలింగ్ జాకులు బండిని సమం చేయడానికి ఉన్నవే తప్ప, కింద పనిచేసే మనిషిని కాపాడటానికి ఉన్నవి కావు. గట్టి నేల మీద చక్రాలకు అడ్డుదిమ్మెలు పెట్టి, బండి బరువుకు తగిన స్టాండులను తయారీదారు చూపిన చోట ఛాసిస్ కింద నిలిపిన తరువాతే పని మొదలుపెట్టాలి. అంతటి స్టాండులు లేనివారు పక్కనుంచి చేతికి అందినంత వరకే చూసి, మిగతాది పిట్ ఉన్న ట్రక్ మెకానిక్‌కు వదిలేయడం మంచిది. ఏ ఫిట్టింగు విప్పాలన్నా ముందుగా ఆ లైనులోని గాలి పూర్తిగా వదలాలి, రక్షణ కళ్ళద్దాలు పెట్టుకోవాలి.

లక్షణం: ఒక మూల గానీ, ఒక యాక్సిల్ గానీ దిగిపోవడం

మొదట ఇది నిజంగా లీకేనా అన్నది తేల్చుకోవాలి. హైడ్రాలిక్ జాకులున్న చాలా బండ్లలో, జాకులు దించేటప్పుడు బ్యాగుల్లోని గాలిని కావాలనే వదిలేస్తారు. కాబట్టి పరీక్షించే రాత్రి జాకులు వాడకుండా, సమతల నేల మీద, ట్యాంకులు పూర్తిగా నిండిన తరువాత ఇంజిన్ ఆపాలి. నాలుగు చక్రాల దగ్గరా, చక్రం మధ్యబిందువు నుంచి పైన బాడీ అంచు వరకు ఉన్న ఎత్తును టేపుతో కొలిచి కాగితం మీద రాసుకోవాలి. గంట తరువాత ఒకసారి, నాలుగు గంటల తరువాత మరొకసారి, తెల్లవారాక ఇంకొకసారి కొలవాలి. విసుగు అనిపించినా ఈ పని మానవద్దు, ఎందుకంటే లీకు ఏ వైపు ఉందో ఈ కాగితమే చెబుతుంది.

రెండు వాల్వులున్న యాక్సిల్‌లో ఒక మూల మాత్రమే దిగితే, తప్పు ఆ మూలకు గాలి ఇచ్చే వాల్వ్, గొట్టాలు, బ్యాగులలోనే ఉంటుంది. ఒకే వాల్వ్ ఉన్న యాక్సిల్‌లో కుడి ఎడమలు రెండూ ఒకే గాలిని పంచుకుంటాయి గనుక, ఎడమ బ్యాగులో లీకున్నా రెండు వైపులా దిగుతుంది. ఇది గుర్తుంచుకోకపోతే మంచి బ్యాగును విప్పి పారేసే ప్రమాదం ఉంది.

ఆ తరువాత గిన్నెలు తోమే సబ్బు కలిపిన నీటిని స్ప్రే సీసాలో పోసి, గాలి నిండుగా ఉన్నప్పుడు వరుసగా చల్లాలి. ముందు ఫిట్టింగులు, తరువాత వాల్వ్ ఎగ్జాస్ట్ రంధ్రం, చివరగా బ్యాగు. ఫిట్టింగు దగ్గర బుడగలు వస్తే, గాలి వదిలి, గొట్టాన్ని బయటికి తీసి, గొట్టాల కట్టర్‌తో చివర అర అంగుళం మేర అడ్డంగా, వంకర లేకుండా కోసి మళ్ళీ అడుగంటా దూర్చాలి. కత్తెరతోనో, సైడ్ కట్టర్‌తోనో కోస్తే అంచు నలిగి, లోపలి రబ్బరు రింగు సరిగా పట్టదు. కొత్త గొట్టం వేయవలసివస్తే ఎయిర్ బ్రేకులకు ఆమోదించిన నైలాన్ గొట్టమే వాడాలి.

ఎగ్జాస్ట్ రంధ్రం నుంచి గాలి ఆగకుండా వస్తుంటే, వాల్వ్ లివర్‌కు తగిలించిన రాడ్డును ఊడదీసి, ఆ లివర్‌ను మధ్య స్థానంలో నిలపాలి. అప్పుడు గాలి ఆగితే తప్పు రాడ్డులోనో, దాని సర్దుబాటులోనో ఉంది. ఆగకపోతే వాల్వ్ లోపలి సీలు పాడైంది, వాల్వ్ మార్చాలి. లివర్ కదిపిన కొన్ని సెకన్ల వరకు వాల్వ్ స్పందించకపోవచ్చు. రోడ్డు మీద ప్రతి కుదుపుకూ గాలి వృథా కాకుండా కొన్ని రకాలను అలాగే తయారుచేస్తారు.

చివరికి బ్యాగు దగ్గరికి వస్తే, ముఖ్యంగా చూడవలసింది కింది పిస్టన్ మీదికి రబ్బరు మడతపడి దొర్లే చోటు. పైపైన సన్నని గీతలు ఉంటే గమనిస్తూ ఉండవచ్చు. లోపలి దారాలు కనిపిస్తే మాత్రం ప్రయాణం ఆపి మార్చాల్సిందే, దానికి అతుకులు పనికిరావు. వయసు మీరి పగిలిన బ్యాగు అయితే ఆ యాక్సిల్‌లో దాని జంటను కూడా మార్చడమే నయం. గొట్టమో, బ్రాకెట్టో ఒరుసుకుని చిల్లు పడితే ఒక్కటి మార్చినా చాలు, కానీ ఆ ఒరిపిడిని తొలగించకుండా కొత్తది బిగిస్తే అదీ చిల్లు పడుతుంది.

లక్షణం: బండి సమంగానే ఉంది, కానీ గేజీలు పడిపోతున్నాయి

డ్యాష్‌బోర్డు గేజీలు చూపేది బ్రేకు ట్యాంకుల ప్రెజర్‌ను మాత్రమే. బ్యాగుల్లో ఎంత ఉందో అవి చెప్పవు. బ్యాగు సన్నగా కారుతుంటే హైట్ కంట్రోల్ వాల్వ్ ట్యాంకు నుంచి గాలి తెచ్చి నింపుతూ ఉంటుంది. అందుకే ఒక రోజంతా బండి నిటారుగా నిలబడి, ట్యాంకులో గాలి బాగా తగ్గిన తరువాత ఒరిగిపోతుంది. అంటే గేజీ పడిపోవడం కూడా సస్పెన్షన్ లీకుకు లక్షణం కావచ్చు.

బ్రేకుల వైపు లీకును వేరుచేయడానికి, అమెరికాలో వాణిజ్య డ్రైవర్లు రోజూ చేసే పరీక్ష ఉపయోగపడుతుంది. చక్రాలకు దిమ్మెలు పెట్టి, ట్యాంకులు నింపి, ఇంజిన్ ఆపి, పార్కింగ్ బ్రేకు విడిచినప్పుడు ఒక నిమిషంలో 2 పీఎస్ఐ (గాలి ప్రెజర్ కొలత) కంటే ఎక్కువ పడకూడదు. పెడల్ గట్టిగా నొక్కి పట్టినప్పుడు నిమిషానికి 3 పీఎస్ఐ దాటకూడదు. అంతకు మించితే ఆ బండిని రోడ్డెక్కించవద్దు.

లక్షణం: ప్రెజర్ నెమ్మదిగా పెరగడం, డ్రయ్యర్ మాటిమాటికీ బుస్సుమనడం

ఇంజిన్ తగిన వేగంతో తిరుగుతున్నప్పుడు రెండు ట్యాంకుల వ్యవస్థలో 85 నుంచి 100 పీఎస్ఐకి 45 సెకన్లలోపు చేరాలి. ట్యాంకుల ప్రెజర్‌ను అదుపు చేసే గవర్నర్ వాల్వ్ సాధారణంగా 120, 130 పీఎస్ఐ ప్రాంతంలో కంప్రెసర్‌ను నింపడం ఆపిస్తుంది, అప్పుడు డ్రయ్యర్ ఒకసారి బుస్సుమని తేమను బయటికి ఊదుతుంది. బ్రేకు నొక్కకపోయినా నిమిషానికొకసారి ఆ చప్పుడు వస్తుంటే ఎక్కడో పెద్ద లీకు ఉండవచ్చు, లేదా గవర్నర్ చెడిపోయి ఉండవచ్చు. బుస్సుమన్న తరువాత కూడా డ్రయ్యర్ అడుగునుంచి గాలి కారుతూనే ఉంటే తేమను బయటికి ఊదే పర్జ్ వాల్వ్ మూసుకోవడం లేదని అర్థం.

డ్రయ్యర్‌లో తేమను పీల్చే కాట్రిడ్జిని రెండు మూడేళ్ళకొకసారి మార్చడం, నెలకొకసారి ట్యాంకుల డ్రెయిన్ లాగి చూడటం, ఈ రెండూ మిగతా అన్ని వాల్వుల ఆయుష్షునూ పెంచుతాయి. డ్రెయిన్‌లో నీళ్ళు వస్తే కాట్రిడ్జి పని అయిపోయింది. నూనె జిడ్డు వస్తే కంప్రెసర్ వైపు చూడాలి. గడ్డకట్టే చలిలో వాల్వులు బిగుసుకుంటే లైనులో ఆల్కహాల్ పోయమని సలహా ఇచ్చేవారుంటారు. అది డ్రయ్యర్‌నూ, సీళ్ళనూ పాడుచేయగలదు. కాట్రిడ్జి మార్చి తేమను తొలగించడమే సరైన మార్గం.

లక్షణం: ఊగడం, కుదుపు, వేగంలో వణుకు

ఊగడానికి కారణం చాలాసార్లు షాక్ అబ్జార్బర్లు, ఎందుకంటే బ్యాగు బరువు మోస్తుందే తప్ప ఊపును ఆపదు. గట్టి కుదుపు ఉంటే రైడ్ హైట్ (నడిచేటప్పుడు ఛాసిస్ ఉండవలసిన ఎత్తు) తగ్గి బండి బంప్ స్టాపుల మీద నడుస్తోందేమో చూడాలి. రైడ్ హైట్ తప్పితే డ్రైవ్ షాఫ్ట్ కోణం కూడా మారి, యూనివర్సల్ జాయింట్లు అరిగి, హైవే మీద వణుకు పుడుతుంది. టైర్లలో సరైన గాలి ఉంచి, ఛాసిస్ తయారీదారు చెప్పిన బిందువుల మధ్య కొలిచి, రాడ్డు పొడవు మార్చి ఆ ఎత్తుకు పావు అంగుళం తేడాలోపు తేవాలి. మెత్తగా ఉంటుందని ఎత్తు పెంచడం, అందంగా ఉంటుందని తగ్గించడం రెండూ తప్పే.

లక్షణం: క్యాంపు నుంచి బయలుదేరినా ప్రయాణపు ఎత్తుకు రాకపోవడం

గాలితోనే లెవెలింగ్ చేసే బండ్లలో, ట్రావెల్ మోడ్‌లో పెట్టి ట్యాంకులు నిండేవరకు ఆగాలి. అప్పటికీ ఒక మూల పైనే లేదా కిందే ఉండిపోతే, ఆ మూలకు సంబంధించిన, విద్యుత్తుతో తెరుచుకునే సోలినాయిడ్ వాల్వ్ ఇరుక్కుపోయి ఉండవచ్చు. ముందు ఫ్యూజు, వైరు కనెక్టరు తుప్పు చూసి, ఆ తరువాతే సోలినాయిడ్ మార్చాలి. ఎత్తు సరికాకుండా బండి కదల్చవద్దు.